సుంకులు పోసిన నీళ్లు

అనగనగా అంటే ఎప్పుడని అడక్కండి. మా అవ్వకు వాళ్లవ్వ చెప్పేనాటికే ఇది పాత కథ. ఎర్రదిన్నె అని ఒక ఊరు. ఎండాకాలం వస్తే ఆ ఊరి బాట మీద కాలు పెట్టలేం. అందుకని మీసాలు మొలిచే మగపిల్లలు, ఓణీలు వేసే ఆడపిల్లలు జట్టుకట్టి, బాట పక్కన పందిరి వేసి, వచ్చేపోయేవాళ్లకు నీళ్లు పోసేవాళ్లు. మంచి పనే. కాదన్లేదు.

ఆ ఊళ్లోనే సుంకులు అనే పిల్ల ఉండేది. పదమూడేళ్లుంటాయి. ముఖం చూసి మాట్లాడేది కాదు. అన్నమాటే మళ్లీ మళ్లీ అనేది. ఎవరైనా చెయ్యి పట్టుకుంటే చెవులు మూసుకుని కేక పెట్టేది. అంతే. ఆ పిల్లకు ఉన్నది ఒకటే కోరిక.

మొదటి ఎండాకాలం పందిరి దగ్గరికి పోయింది. "నేనూ నీళ్లు పోస్తా."

"వచ్చే ఏడు చూద్దాం, పో మే," అన్నాడు జట్టు పెద్ద బయన్న.

రెండో ఎండాకాలం పోయింది. "నేనూ నీళ్లు పోస్తా."

"నువ్వు నీడన కూచో. మేమే నీకు పోస్తాం," అని చేతిలో బెల్లంముక్క పెట్టారు. ఆ పిల్ల అడిగిందేమిటి, వీళ్లు పెట్టిందేమిటి!

మూడో ఎండాకాలం తల్లిని వెంటబెట్టుకుని పోయింది. "నేనూ నీళ్లు పోస్తా." తల్లి ఎదుట కాదనలేక ముంత ఇచ్చారు. కూతురి చేతిలో ముంత చూసి తల్లి సంతోషంగా కూలికి పోయింది. అది ఖాళీ ముంత. ఒలకబోస్తుందని ఖాళీది ఇచ్చారు!

"నీళ్లు లేవు," అంది సుంకులు.

"ఉన్నాయిలే, పట్టుకో," అని నవ్వారు.

నీళ్లు లేవు, నీళ్లు లేవు, నీళ్లు లేవు. ఎప్పుడూ ఒకే మాట అనే పిల్ల కదా, ఎవరు వింటారు? నీళ్ల బాన దగ్గరికి పోతే చెయ్యి పట్టి లాగారు. చెవులు మూసుకుని ఏడ్చింది. ఇదండీ వాళ్ల సేవ!

మిట్టమధ్యాహ్నం ఒక ముసలవ్వ వచ్చింది. నాలుక పిడచకట్టుకుపోయింది. సుంకులు ఎదుటికొచ్చి, వంగి దోసిలి పట్టింది. సుంకులు ముంత వంచింది. చుక్క రాలలేదు.

"ఎవుర్రా ఈ బిడ్డకు వట్టి ముంత ఇచ్చింది?"

"దానికి చేతగాదవ్వా. ఇట్టా రా, నేను పోస్తా," అన్నాడు బయన్న.

"నీ చేతి నీళ్లు నాకొద్దు. ఈ బిడ్డ పోస్తేనే తాగుతా. లేకుంటే ఈడే సస్తా. నింపు!"

బయన్న తలొంచుకుని ముంత నింపాడు. సుంకులు పోసింది. కొంచెం ఒలికింది. బయన్న పోసినా ఒలుకుతుంది. మిగతావాళ్లు వచ్చినవాళ్ల ముఖం చూసి, ఎవరి తాలూకు అని అడిగి పోసేవాళ్లు. సుంకులు దోసిలి మాత్రమే చూసింది. అవ్వ చాలని చేతులు తీసేదాకా పోసింది.

సుంకులు ఊరిని వరద నుంచి కాపాడలేదు. నిధి చూపించలేదు. అలాంటివి చేస్తేగానీ ముంత ఇవ్వరా ఏం? నీళ్లు పోసింది. తల నెరిసేదాకా ప్రతి ఎండాకాలం పోసింది. ఆ తర్వాత చనిపోయింది.

ఎర్రదిన్నెలో ఇప్పటికీ పందిరి వేసినరోజు, జట్టులో కొత్తగా చేరినవాళ్ల ముందు జట్టు పెద్ద మోకాళ్ల మీద కూర్చుని దోసిలి పడతాడు. వాళ్లు మాట రానివాళ్లైనా సరే, చేతులు వణికేవాళ్లైనా సరే. "సుంకులు నీళ్లు పొయ్యి," అని అడుగుతాడు. వాళ్లు పోసి, అతను తాగేదాకా ఇంకెవరూ ముంత ముట్టరు. మీద ఒలికితే తుడుచుకోకూడదు.