రేపు వచ్చిందా, అమ్మా?

అనగనగా ఒక కొండ అడవిలో ఒక ఎలుగుబంటి ఉండేది. పేరు ఇప్పమ్మ. ఇప్పమ్మకు ఒక్కతే కూతురు, జువ్వి. జువ్విచెట్టు కింద పుట్టింది కాబట్టి ఆ పేరు పెట్టుకున్నారు. ఇంకా ఏడాది నిండలేదు. చూస్తే ఇంతే ఉంటుంది, కానీ ఆ గుహలో చెల్లేది దాని మాటే.

మీకు తెలుసో లేదో, ఎలుగుబంటి పిల్లలు అమ్మ వీపు మీద ఎక్కి తిరుగుతాయి. అమ్మ బొచ్చు రెండు చేతులా పట్టుకుని దర్జాగా కూర్చుంటాయి. జువ్వీ అలాగే తిరిగింది. మాటలు వచ్చేదాకా ఏ పేచీ లేదు. తన కూతురికి మొట్టమొదట వచ్చిన మాట 'అమ్మ' అని ఇప్పమ్మ అందరికీ చెప్పుకునేది. అది నిజం కాదు. మొదట వచ్చిన మాట 'నేనే'.

చెదపుట్ట తవ్వి, మట్టి ఊదేసి, లోపలి పురుగులను పీల్చుకు తినడం ఎలుగుబంట్లకు అలవాటు. ఇప్పమ్మ ఊదబోతే జువ్వి మూతి అడ్డం పెట్టేది.

"నేనే ఊదుతా," అనేది.

ఊదేది. మట్టంతా తన కళ్ళలోనే పడేది. తుమ్మి, కళ్ళు నులుముకుని, మళ్ళీ ఊదేది. ఈలోగా పురుగులు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయేవి.

ఒకరోజు ఇప్పమ్మ తునికిపండు కొరికి, గింజ తీసి, సగం దాని చేతిలో పెట్టింది. జువ్వి ఆ సగాన్ని చూసింది. కింది పెదవి ముందుకు వచ్చింది.

"అతికించు," అంది.

"కొరికిన పండు అతుకుతుందా తల్లీ?"

"అతికించు. నేనే కొరుకుతా."

ఎలా అతుకుతుంది, మీరే చెప్పండి. ఇప్పమ్మ నిట్టూర్చి, ఇంకో పండు కోసం మళ్ళీ చెట్టెక్కింది.

నవ్వకండి. చొక్కా బొత్తాలు నేను పెట్టానని, అన్నీ ఊడదీయించి, ఒక్కొక్కటే తన చేత్తో పెట్టుకుని, బడికి వెళ్ళాల్సిన అక్కను గుమ్మంలో నిలబెట్టేసినవాళ్ళు మన ఇంట్లోనూ ఉన్నారు. పేరు చెప్పను. ప్రస్తుతం నా ఒళ్ళోనే ఉన్నారు.

జువ్వి మొదటిసారి వీపు మీంచి తనంతట తాను దిగిన రోజు కూడా చెప్పాలి. దిగడం అంటే జారి, దబ్బున కూలబడటమే. కూలబడి, ఎవరైనా చూశారా అని అటూ ఇటూ చూసింది. అమ్మ చూస్తోందని తెలిశాక లేచి నిలబడింది. "నేనే దిగా," అంది. ఇప్పమ్మ ఆ సంగతి చెప్పని జంతువు ఆ అడవిలో లేదు. కూతురు అంటే దానికి అంత ముద్దు. కోపం వచ్చినా అది కాసేపే.

దిగువ పొదల్లో ఒక అడవిపంది ఉండేది. ఇప్పమ్మ ఆవిడను పిన్ని అని పిలిచేది. పిన్నికి ఏడుగురు పిల్లలు. ఒకరి తోక వెనక ఒకరు బుద్ధిగా నడిచేవాళ్ళు.

"ఇప్పా, పిల్లను నెత్తికెక్కించుకున్నావే," అంది పిన్ని ఒకరోజు.

"నెత్తికి కాదు పిన్నీ, వీపుకే," అంది ఇప్పమ్మ.

"నవ్వులాట కాదమ్మాయ్. నా ఏడుగురినీ చూడు. ఒక్కరు నోరెత్తరు."

ఏడుగురూ నిజంగానే నోరెత్తలేదు. వాళ్ళ నోటినిండా దుంపలున్నాయి.

ఇక అసలు కథకు వద్దాం. ఇప్పమ్మా జువ్వీ రోజూ ఒక వాగు దాటేవాళ్ళు. ఎప్పుడో గాలికి పడిపోయిన మద్దిమాను ఒకటి వాగుకు అడ్డంగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు ఉండేది. అదే వాళ్ళ వంతెన. ఒకరోజు మాను దగ్గరికి రాగానే జువ్వి వీపు మీంచి జారి దిగింది.

"నేనే దాటుతా."

అవతల నేరేడుపండ్లు రాలుతున్నాయి. ఆలస్యమైతే గుంటనక్కలు తినేసి పోతాయని ఇప్పమ్మ తొందర.

"రేపు దాటుదువుగానిలే," అంది.

జువ్వి వెంటనే ఊరుకుని వీపెక్కింది. ఇప్పమ్మకు ఆశ్చర్యం వేసింది. ఇంత తేలికైన మందు ఇన్నాళ్ళూ తెలియలేదే అనుకుంది.

మర్నాడు తెల్లవారీ తెల్లవారకముందే జువ్వి అమ్మ ముక్కు మీద చెయ్యి వేసి లేపింది.

"అమ్మా, రేపు వచ్చిందా?"

ఇప్పమ్మకు నవ్వొచ్చింది. "ఇంకా రాలేదు తల్లీ," అంది.

ఆ మర్నాడూ అదే ప్రశ్న. "దారిలో ఉంది," అంది ఇప్పమ్మ.

మూడో రోజు జువ్వి గుహ బయట కూర్చుని దారి వైపే చూసింది. రేపు అంటే నాలుగు కాళ్ళతో నడిచివచ్చేదేదో అనుకుంది పాపం. అటుగా పోతున్న పందిపిన్నిని కూడా అడిగింది.

"అమ్మమ్మా, నీకు రేపు కనిపించిందా?"

"రేపూ లేదు మాపూ లేదు, పోయి ఆడుకో," అంది ఆవిడ.

అలా చాలా రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం కొండ మీద మబ్బులు కమ్మాయి. ఇప్పమ్మ ముక్కుకు వాన వాసన తగిలింది. పైన వాన పడితే వాగు పొంగుతుంది. వాళ్ళుండే గుహ పల్లంలో ఉంది. వానాకాలమంతా వాళ్ళు తలదాచుకునేది అవతలి ఒడ్డున ఎత్తులో ఉన్న గుహలో. ఆ పూటే అక్కడికి మారిపోవాలి.

జువ్వి మాత్రం కదల్లేదు. "రేపు వచ్చిందా?" అంది.

"వచ్చింది. ఎక్కు. మాను దగ్గర దింపుతాను. నువ్వే దాటుదువుగాని."

జువ్వి సంతోషం చూడాలి మీరు. 'రేపు వచ్చింది, రేపు వచ్చింది' అని దారిపొడుగునా కనిపించిన చెట్టుకల్లా చెప్పుకుంటూ వచ్చింది.

మాను దగ్గరికి చేరారు. ఇక్కడ నేను ఇప్పమ్మను వెనకేసుకురాను. నీళ్ళు ఇంకా చాలా కిందే ఉన్నాయి. వాన ఎక్కడో కొండ మీదే ఉంది. పిల్లను దింపి, వెనకే మెల్లగా నడిచేంత వ్యవధి ఉంది. కానీ ఇప్పమ్మ పొద్దున్నించీ అలిసిపోయి ఉంది. ఇది ఒక్కో అడుగే వేస్తుంది, మధ్యలో చీమ కనపడితే ఆగుతుంది, ఆ చీమతో కబుర్లు మొదలెడుతుంది, ఎవరు పడతారు ఈ బాధ అనుకుంది. దింపలేదు. గబగబా దాటేసింది.

జువ్వి ఏడవలేదు. పొర్లి పేచీ పెట్టలేదు. 'పెద్దదయింది నా తల్లి' అని ఇప్పమ్మ మురిసిపోయింది. కొత్త గుహ ముందు దాన్ని దింపి, లోపల పేరుకుపోయిన నిరుటి ఆకులు ఊడ్చే పనిలో పడింది.

జువ్వి చిన్నగా నడుచుకుంటూ వాగు దగ్గరికి వెళ్ళింది. మాను ఎక్కింది. ఒక్కతే మళ్ళీ పాత గుహ ఉన్న ఒడ్డుకు వెళ్ళిపోయింది. దాటేసింది కదా, ఇంకేం కావాలి అంటారేమో. జువ్వి లెక్క వేరు. అమ్మ తనను ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు తెచ్చింది. కాబట్టి తనూ ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకే రావాలి. ఇప్పుడు వెళ్ళింది వట్టి వెళ్ళడమే. అది లెక్కలోకి రాదు.

అక్కడ మాను మొదట్లో దానికి నిజంగానే ఒక చీమల బారు కనిపించింది. కూర్చుని చూసింది. ఈలోగా కొండ మీద పడ్డ వాన వాగులోకి దిగింది.

ఏడుగురు పిల్లలతో ముందే ఈ ఒడ్డు చేరిన పందిపిన్ని కేక పెట్టింది. "ఇప్పా, నీ కూతురు అవతల ఉందే."

ఇప్పమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. ఎర్రనీళ్ళు మానును తాకుతూ పోతున్నాయి. జువ్వి అప్పటికే రెండడుగులు మాను మీదకు వచ్చేసింది. ఇప్పమ్మ మాను మీద ఒక కాలు పెట్టింది. మాను మూలిగి జానెడు కిందికి దిగింది. అవతల ఒడ్డున మట్టి అప్పుడే కోసుకుపోతోంది. ఇప్పమ్మ కాలు వెనక్కి తీసేసుకుంది. తను ఎక్కితే మాను మునుగుతుంది. పిల్లను అక్కడే ఉండమనడానికీ లేదు, ముందు మునిగేది ఆ ఒడ్డే.

"పరిగెత్తు పిల్లా, పరిగెత్తు," అని అరిచింది పిన్ని.

జువ్వి తలెత్తి పిన్నిని చూసింది. వెనక కాలు జారింది. ఎలాగో నిలదొక్కుకుంది.

"పిన్నీ, నీకు దండం పెడతాను, మాట్లాడకు," అంది ఇప్పమ్మ. ఆ మాట అని, మాను చివర ఒడ్డు మీద కూర్చుంది. "రా జువ్వీ. నువ్వే రా. నేనిక్కడే ఉన్నాను."

జువ్వి ఒక్కో అడుగే వేస్తూ సగం దాకా వచ్చింది. అక్కడ మాను నాచు పట్టి ఉంది. ఆగింది. కింద నీళ్ళు చూసింది. ఎన్నడూ ఆ నోట రాని మాట అప్పుడు వచ్చింది.

"అమ్మా, నువ్వు రా."

ఇప్పమ్మ గుండె చెరువైంది.

"రాలేను తల్లీ. నేనెక్కితే మాను మునుగుతుంది. నువ్వే రావాలి. పొట్ట మాను మీద ఆనించు. గోళ్ళు దించు. అలా వస్తే జారవు."

జువ్వి కదల్లేదు. అమ్మ ముఖంలోకి చూసింది.

"నిజంగానా?" అంది. "రేపు వచ్చిందన్నట్టా?"

వాగు హోరు కంటే ఆ ప్రశ్నకే ఇప్పమ్మ ఎక్కువ భయపడింది. పిల్ల తన మాట నమ్మకపోతే అక్కడే ఆగిపోతుంది. నీళ్ళు మాత్రం ఆగవు. ఒట్టు వేస్తే సరిపోయేదే. కానీ అబద్ధాలు చెప్పిన నోటితో వేసే ఒట్టుకు విలువెంత? ఇప్పమ్మ నిజమే చెప్పింది.

"రేపు రోజూ వచ్చింది జువ్వీ. రాలేదని నేనే అబద్ధం చెప్పాను. నాకు తొందర. ఇవాళ కూడా దింపుతానన్నాను, దింపలేదు. తప్పు నాది."

"రోజూ వచ్చిందా?"

"రోజూ వచ్చింది."

"నాకు కనిపించలేదు."

"నేను చూపించలేదు తల్లీ. ఇప్పుడు చెప్పేది మాత్రం నిజం. పొట్ట ఆనిస్తే జారవు."

జువ్వి కాసేపు ఆలోచించింది. ఆ కాసేపు ఇప్పమ్మకు ఎంతసేపో నేను చెప్పలేను. తర్వాత జువ్వి మెల్లగా పొట్ట మాను మీద ఆనించింది. గోళ్ళు దించింది.

"నీళ్ళు చూడకు. నా గుండె మీద తెల్ల మచ్చ చూడు," అంది ఇప్పమ్మ.

జువ్వి పాకింది. ఆగింది. మళ్ళీ పాకింది. నీళ్ళు దాని పొట్ట తడుపుతున్నాయి. త్వరగా అనే మాట ఇప్పమ్మ నాలుక చివరిదాకా వచ్చింది, అయినా మింగేసింది. పంది పిల్లలు ఏడుగురూ ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఈసారి వాళ్ళ నోట్లో దుంపలేమీ లేవు.

ఇంక రెండడుగులుందనగా ఇప్పమ్మ చెయ్యి చాచింది. జువ్వి ఆ చెయ్యి చూసింది.

"నేనే," అంది.

ఇప్పమ్మ దాన్ని లాక్కోలేదు. చెయ్యి వెనక్కీ తీసుకోలేదు. పిల్ల పొట్ట కింద, తగలకుండా, అలాగే పట్టుకుంది. ఆ చేతి మీదుగా జువ్వి నేల మీదకు వచ్చింది.

వచ్చి నిలబడింది. మానును చూసింది. అమ్మను చూసింది. మధ్యాహ్నం నుంచి దాచుకున్న ఏడుపంతా అప్పుడు ఏడ్చింది. చిన్న పిడికిళ్ళతో అమ్మ గుండె మీద కొట్టింది.

"నువ్వు దింపలేదు. నువ్వు దింపలేదు."

"అవును తల్లీ. దింపలేదు," అంది ఇప్పమ్మ. ఊరుకో అనలేదు. ఎన్నిసార్లు అంటే అన్నిసార్లూ 'అవును' అంది. ఏడ్చి ఏడ్చి, ఆ గుండె మీదే జువ్వి నిద్రపోయింది.

"ఎంత నిబ్బరమే నీది," అంది పందిపిన్ని, గొంతు తగ్గించి. "కన్నకూతురు అక్కడుంటే అలా ఎలా కూర్చున్నావ్?"

"నిబ్బరమా పిన్నీ? నిలబడితే కాళ్ళు నన్నడక్కుండా నీళ్ళలోకి పోయేవి. అందుకే వాటి మీద కూర్చున్నాను."

పిన్ని తన ఏడుగురినీ దగ్గరికి తీసుకుని ఒక్కొక్కరినీ మూతితో తాకి చూసుకుంది. వాన ఈ ఒడ్డుకూ వచ్చేసింది. ఇప్పమ్మ కూతురిని గుండెకు హత్తుకుని, దాని మీదకు వంగి, తన వీపున వాన పడనిస్తూ గుహ వైపు నడిచింది. ఆ పూట ఒక్క అడుగు కూడా తొందరగా వేయలేదు.

నీతి: పసిపిల్లలకు ఇచ్చిన చిన్న మాటైనా నిలబెట్టుకోవాలి. ఆపద వచ్చిన రోజు వాళ్ళు పట్టుకుని నడిచేది ఆ మాటనే.