బంపర్ వెనక బద్ద

"గురువుగారూ, కస్టమర్ అడిగింది చేసిపెట్టడమేగా మన పని? మధ్యలో మంచీ చెడూ మనకెందుకు?" అని దావీదు తన మేస్త్రిని అడిగినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నాది పక్క షెడ్డు, పెయింటు పని. ఆటోనగర్‌లో షెడ్డుకీ షెడ్డుకీ మధ్య ఉండేది రేకు గోడే. వాళ్ళ మాటలు నేను వినక్కర్లేదు, అవే వచ్చి చెవిలో పడతాయి.

నాగూర్ మేస్త్రిది కార్లు బాగుచేసే షెడ్డు, దావీదు ఆయన దగ్గర పనివాడు. జవాబులు చెప్పే ఓపిక ఆయనకి ఎప్పుడో అయిపోయింది. అరవై దాటాయి, మోకాళ్ళు అరిగాయి, పొద్దున షట్టరు ఎత్తుతూనే "యా అల్లా, ఇవాళ కూడానా" అంటాడు. కానీ ఒక్క పద్ధతి మాత్రం వదల్లేదు. బండిలోంచి ఏది తీసినా, తుప్పు పట్టిన బోల్టయినా సరే, అప్పగించేటప్పుడు మనిషి చేతికి ఇవ్వాలి, అది ఏం పని చేసేదో నోటితో చెప్పాలి. చెప్పేది కూడా తీసినవాడే. మేమంతా పాత సామాను డిక్కీలో పడేసి చేతులు దులుపుకుంటాం. ఈయనది చాదస్తమని నేను మొహం మీదే చాలాసార్లు అన్నాను.

దావీదు ప్రశ్నకి కారణం విశ్వతేజ అనే అతని కారు. ఉన్న వేగం చాలక పెద్ద ఇంటర్‌కూలర్ ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాడు. తెలియనివారికి చెబుతున్నాను, అది ఇంజన్‌లోకి పోయే వేడిగాలిని చల్లార్చే అల్యూమినియం జాలీ. బంపర్ వెనక కూర్చుంటుంది. ఎంత పెద్దదైతే బండికి అంత ఊపు అని వీళ్ళ నమ్మకం. దానికోసం బంపర్ కింది భాగం కొయ్యాలి. ఆ పనిలో దావీదుని మించినవాడు మా వరసలో లేడు. అట్ట మీద గీసుకుని, టేపు అంటించి, ఆకురాయి పట్టాడంటే కంపెనీలోనే అలా పోతపోశారా అనిపిస్తుంది.

అయితే జాలీ లోపలికి పోలేదు. నాలుగు వేళ్ళ మేర ఇనుప బద్ద అడ్డం వచ్చింది. బంపర్ అని మనం చూసేది ప్లాస్టిక్ తొడుగే. గుద్దితే దెబ్బ కాసేది దాని వెనక అడ్డంగా ఉండే ఆ బద్ద.

"చిన్న జాలీ తెప్పించుకోండి బాబూ" అన్నాడు మేస్త్రి.

"బద్ద కోసేయండి. బంపర్ మూస్తే ఎవడికి కనిపిస్తుంది? మీవల్ల కాకపోతే చెప్పండి, ఎదురు షెడ్డులో రెండు గంటల్లో చేస్తామన్నారు" అని విశ్వతేజ వెళ్ళిపోయాడు.

'మీవల్ల కాకపోతే' అన్న మాట దావీదుకి ములుకులా దిగింది. పనిమంతుణ్ణి తిట్టాలంటే అంతకంటే తిట్టు లేదు. అప్పుడడిగాడు ఆ ప్రశ్న. మేస్త్రి "నీ ఇష్టంరా" అని టీ గ్లాసు తీసుకుని స్టూలు మీద కూలబడ్డాడు.

కాసేపటికి గ్రైండర్ మోగింది. ప్లాస్టిక్ కోస్తే ఒక చప్పుడు, ఇనుము కోస్తే ఒక చప్పుడు. నాకు ఒళ్ళు మండి గోడ చుట్టూ తిరిగి వచ్చాను. "మేస్త్రీ, వాడు బద్ద కోసేస్తున్నాడయ్యా! చెవుడా నీకు?"

"వినపడుతోంది" అన్నాడు. టీ మాత్రం తాగలేదు.

సాయంత్రం విశ్వతేజ భార్యనీ నాలుగేళ్ళ కూతుర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. బండి పెళ్ళికొడుకులా ఉంది, కాదనను. అతని భార్య హిమజ ముందు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, బిడ్డని ఒళ్ళో వేసుకుని ముందు సీట్లో కూర్చుంది. మనవాళ్ళందరూ కూర్చునేట్టే. విశ్వతేజ ఇంజన్ స్టార్ట్ చేశాడు.

"దావీదూ, తీసింది ఇవ్వు" అన్నాడు మేస్త్రి.

దావీదు వేస్టు గుడ్డలో చుట్టిన ముక్క పట్టుకుని డిక్కీ వైపు నడిచాడు.

"అక్కడ కాదు. ముందు కూర్చున్నవాళ్ళకి."

మూరెడు ముక్క. అద్దంలోంచి అందుకుంటే బరువుకి ఆమె చెయ్యి కిందికి జారింది. "ఏంటన్నా ఇది?" అంది. దావీదు మేస్త్రి వైపు చూశాడు. నాకు నోరు ఆగదు కదా, చెప్పబోయాను. మేస్త్రి నా మణికట్టు నొక్కిపట్టాడు.

"ఇది బంపర్ వెనకదమ్మా" అన్నాడు దావీదు చివరికి. "ఎదురుగా ఏదైనా గుద్దితే ముందు ఇది దెబ్బ తింటుంది. మీదాకా రాకుండా."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు లేదమ్మా. నేనే కోశాను."

ఆమె బిడ్డ తల మీద చెయ్యి వేసి భర్త వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"ఏం కాదు హిమా, అందరూ చేయించుకుంటున్నారు..."

ఆమె దిగిపోయింది. ముక్కని సీటు మీద పెట్టింది. "ఈ ముక్కని కూర్చోబెట్టుకుని నువ్వు రా. మేం ఆటోలో పోతాం" అని బిడ్డని చంకనేసుకుని గేటు దాటింది.

విశ్వతేజ ఇంజన్ ఆపి మేస్త్రి మీద పడ్డాడు. "మా కాపురంలో నిప్పులు పొయ్యడానికా మీరు షెడ్డు పెట్టింది?" మేస్త్రి అలిసిపోయిన మొహంతో వింటూ నిలబడ్డాడు. చివరికి విశ్వతేజ తాళాలు బానెట్ మీద విసిరికొట్టి, "కొత్త బద్దే వెయ్యండి" అని భార్య వెనక పరిగెత్తాడు. అప్పుడు గమనించాను, వెనక చక్రాలు రెండింటికీ కర్ర దిమ్మలు వేసి ఉన్నాయి. ఆ బండిని మేస్త్రి కదలనిచ్చేవాడే కాదు.

"ఈ ముక్కే వెల్డింగు పెట్టనా?" అన్నాడు దావీదు.

"అతుకు దెబ్బకి ఆగదురా. జాలీ విప్పు."

దావీదు విప్పలేదు. టైరు మీద కూర్చుని మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చాడు. ముప్పై రెండేళ్ళవాడు, ఇద్దరు పిల్లల తండ్రి. తలెత్తి, "నేను కోస్తుంటే విన్నారుగా గురువుగారూ. ఒక్క మాట చెప్పి ఎందుకు ఆపలేదు?" అన్నాడు.

మేస్త్రి మోకాలు పట్టుకుని మెల్లగా వాడి పక్కన కూర్చున్నాడు.

"ఆపితే నా మాట గుర్తుండేది. మాటదేముంది, పదిరోజులు. ఇప్పుడు ఆ తల్లి మొహం గుర్తుంటుంది నీకు" అన్నాడు. మోకాలు రుద్దుకుంటూ, "నీ వయసులో నేనూ ఒక బండికి ఇలాగే కోశాను. నాకు గుర్తున్నది యాక్సిడెంటయ్యాక పేపర్లో వేసిన వాళ్ళ ఫోటో" అన్నాడు.