గుడి ముద్ద తిన్న చిలక

గుమ్మంలో ఆకలిగొన్నవాడు నిలబడితే చూడనట్టు తలుపు వేసుకున్నారే, మీరే, ముందుకొచ్చి కూర్చోండి. ఈ కథ మీకే.

అనగా అనగా కంకణగిరిని ఒక రాజు ఏలేవాడు. అక్కడి కొండమీది శివాలయానికి పూర్వం ఒక సంచారి వచ్చాడు. ఏ ఊళ్ళోనూ రెండు రాత్రులు నిద్రించని ఆయన్ని అందరూ నడకస్వామి అనేవారు. ఆయన చేతికర్ర గుచ్చిన చోట ఊట పుట్టింది. కర్ర గుడిలోనే వదిలి వెళ్తూ వెళ్తూ, "రోజూ తొలి ముద్ద గడప మీద పెట్టండి. మనిషి తిన్నా పక్షి తిన్నా నేను తిన్నట్టే. ఈ గుడి ముద్ద తిన్నవారికి కీడు చెయ్యకండి, అడిగింది కాదనకండి" అన్నాడు.

ఆ మాటే ధూమకేశుడనే మాంత్రికుడికి అలుసైంది. స్వామి వేషంలో వచ్చి ముద్ద తిన్నాడు, కర్ర అడిగాడు. పూజారి ఇచ్చేశాడు. ఆ పూటే ఊట ఎండిపోయింది. రాజ్యమంతా గొంతులు పిడచగట్టుకుపోయాయి.

రాజుకు ముగ్గురు కొడుకులు. కర్ర తేవడానికి పెద్దవాడు సేనతో వెళ్ళాడు, తిరిగి రాలేదు. రెండోవాడు బంగారంతో వెళ్ళాడు, తిరిగి రాలేదు. మూడోవాడు మణికేతుడు గుడి ప్రసాదం మూడు ముద్దలు మూటగట్టుకుని బయల్దేరాడు. కడుపు కాలుతున్నా మొదటి ముద్ద కాకికి పెట్టాడు. కాకి దారి చూపింది. రెండోది తాబేలుకు పెట్టాడు. తాబేలు ఏడు సముద్రాలు దాటించింది.

ఆవలి ఒడ్డున కోట. వాకిట్లో అన్నలిద్దరూ రాళ్ళయి నిలబడి ఉన్నారు. మాంత్రికుడు చెరబట్టిన రాజకుమారి హేమవల్లి తలుపు సందులోంచి, "వాడి ప్రాణం లోపలి గదిలో, చిలకలో ఉంది. వాడు స్నానానికి వెళ్ళాడు, తొందరగా వెళ్ళండి" అంది.

చిలక ఎముకల గూడులా ఉంది. మణికేతుడి చెయ్యి అలవాటుగా మూడో ముద్దను పంజరంలో పెట్టేసింది. చిలక తినేసింది.

"ఇక నా మెడ విరిచెయ్" అంది.

"గుడి ముద్ద తిన్నావు. విరవలేను."

"బాగుంది నీ వరస. పోయి మీ అన్నల పక్కన నిలబడు మరి."

అంతలో ధూమకేశుడు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. "మీ స్వామి ఆచారమే నాకు కోటగోడరా అబ్బీ" అంటూ కర్ర ఎత్తాడు. మణికేతుడి పాదాలు రాయయ్యాయి. మోకాళ్ళు రాయయ్యాయి. నడుము రాయయింది.

"చంపకుండా దారి లేదా?" అని చిలకను అడిగాడు మణికేతుడు.

చిలక గొంతు తగ్గించింది. "నేను పంజరంలో ఉన్నంతకాలమే వాడికి ధీమా. ఎగిరి వాడి కనుచూపు దాటితే వాడికి ఊపిరి ఆగుతుంది."

రాయి భుజం దాకా పాకేలోగా మణికేతుడు పంజరం గడియ లాగాడు. చిలక కిటికీలోంచి ఎగిరింది. మాంత్రికుడి ఊపిరి గొంతులో ఇరుక్కుంది. కర్ర పారేసి, "ఆగవే, ఆగు" అంటూ దాని వెంట పడ్డాడు.

హేమవల్లి కర్ర తీసి మణికేతుణ్ణి తాకింది, అన్నలను తాకింది. అందరూ మనుషులయ్యారు. కర్ర గుడికి చేరింది, ఊట పొంగింది. మణికేతుడు హేమవల్లిని పెళ్ళాడి, అన్నలే పట్టం కట్టగా కలకాలం ఏలాడు.

ధూమకేశుడు చావలేదు. చిలక ఏ కొమ్మ మీదా రెండు రాత్రులు ఉండదు. వాడు దాని మీంచి చూపు తిప్పకుండా ఊరూరా నడుస్తూనే ఉన్నాడు. ఏ తల్లో జాలిపడి విస్తరి వేస్తుంది. ముద్ద నోటిదాకా తెచ్చేసరికి చిలక లేస్తుంది. వాడూ లేస్తాడు. పరుగులో దొరికింది నమలడమే తప్ప, కూర్చుని కడుపునిండా ఒక్క పూట తిన్నది లేదు.