కెమెరా అదే

గిద్దలూరులో వేడుకలకు వీడియోలు తీసే మస్తాన్ మాస్టారికి ఏదడిగినా సూటిగా జవాబిచ్చే అలవాటు లేదు. ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న చందన ఒకరోజు, "మంచి కెమెరా ఉంటే మంచి పని వస్తుందా మాస్టారూ?" అని అడిగింది. ఆయన బీరువా తెరిచి, చంటిబిడ్డలా చూసుకునే కొత్త కెమెరాను ఆమె చేతికిచ్చి, ఒక అన్నప్రాశనకు ఒంటరిగా పంపారు.

పిల్లాడి తండ్రి ఏడుకొండలు సైన్యంలో, ఎక్కడో సరిహద్దులో ఉన్నాడు. సెలవు దొరకలేదు. కొడుకు వేడుక చూడాలంటే ఈ వీడియోలోనే చూడాలి. చందన ప్రాణం పెట్టి తీసింది. పిల్లాడు పాకుతూ వెళ్ళి పుస్తకం పట్టుకోవడం, పెదవికి అంటిన పాయసం మెతుకు, అన్నీ ముత్యాల్లా వచ్చాయి. వెనకున్నదంతా మసకగా కరిగిపోయింది. ఈ కాలం పిల్లలకు ఆ మసకంటే మహా మోజు, మన చందనకు మరీనూ.

వీడియో చూసి ఏడుకొండలు ఫోన్ చేశాడు. కొడుకు హీరోలా ఉన్నాడని మురిసిపోయాడు. ఆ వెంటనే, "మా అమ్మ రాలేదామ్మా?" అన్నాడు.

వాళ్ళమ్మ రంగమ్మ వచ్చింది. భర్త పోయిన మనిషి శుభకార్యంలో ముందుకు రాకూడదన్న పాడు ఆచారానికి తలొగ్గి, గుమ్మం పక్కనే నిలబడి అంతా చూసింది. వీడియోలో అక్కడ తెల్లటి మరకొకటి కదులుతోంది, అంతే.

చందనకు ఏడుపొచ్చింది. లెన్సు ఇంత పని చేస్తుందనుకోలేదని మాస్టారి దగ్గర వాపోయింది. ఆయన ఆ లెన్సే తుడిచి ఇచ్చి, రంగమ్మ ఇంటికి వెళ్ళి రమ్మన్నారు.

"నన్నెందుకులే తల్లీ, బిడ్డను తియ్యి" అని రంగమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. చందన కెమెరా పక్కన పెట్టి, ఆమె కలిపిన పప్పన్నం తిని, కొడుకు చిన్ననాటి అల్లరంతా చెప్పించుకుంది. ఈలోగా కోడలు పిల్లాణ్ణి ఎత్తుకొచ్చింది. నాయనమ్మ వాడికి ముద్ద పెడుతుంటే అప్పుడు తీసింది.

ఈ వీడియో చూసి ఏడుకొండలు మళ్ళీ ఫోన్ చేశాడు. "నా చిన్నప్పుడు నాకు బూరెలు వండుతా అమ్మ చెయ్యి కాల్చుకుంది. ఆ మచ్చ కూడా కనపడతా ఉందమ్మా" అన్నాడు.

చందన పరుగున వచ్చి, మచ్చతో సహా ఆ వీడియో మాస్టారికి చూపించింది. మంచి కెమెరా మంచి కెమెరానే అని పొంగిపోయింది.

మాస్టారు మురిపెంగా నవ్వారు.

"మొన్నా ఇదే కెమెరా కదమ్మా."