దీమపు జింక

కాళ్లు కడుక్కున్నారా? సరే, పడుకోండి. ఇవాళ నవ్వులాట కథ కాదు, వేట కథ. మధ్యలో నిద్రపోయినవాళ్లకి రేపు మళ్లీ చెప్పను. ఊ కొడుతూ వినండి.

అనగనగా ఒక అడవి, ఆ అడవి అంచున ఒక పల్లె, ఆ పల్లెలో బయ్యన్న అనే వేటగాడు ఉండేవాడు. అతని పెళ్లాం కోటక్క. వాళ్లకి పిల్లల్లేరు. ఒక వానాకాలంలో తల్లి చచ్చిపోయిన జింకపిల్లని బయ్యన్న అడవిలోంచి ఎత్తుకొచ్చాడు. కోటక్క గుడ్డపీలిక మేకపాలలో ముంచి దాని నోట్లో పెట్టింది. పొయ్యి పక్కన వెచ్చగా పడుకోబెట్టింది. ఒంటి నిండా చుక్కలున్నాయని చుక్కి అని పేరు పెట్టుకుంది.

ముద్దు కోసమే పెంచారనుకుంటున్నావా సూరీ? కోటక్క ముద్దు కోసమే పెంచింది. బయ్యన్న పెంచింది దీమం కోసం. దీమం అంటే ఏమిటంటావా? పెంపుడు జింకని తీసుకెళ్లి అడవిలో కట్టేస్తారు. అది మేస్తుంటే చూసి, ఇక్కడ భయం లేదు కాబోలుననుకుని అడవి జింకలు దగ్గరికొస్తాయి. వచ్చినదాన్ని కొడతారు. జింక మెడకి తాడు, తాడు చివర గుంజ, గుంజకి ఎదురుగా చెట్టు, చెట్టు మీద మంచె, మంచె మీద మనిషి, మనిషి చేతిలో విల్లు. అదీ దీమపు వేట. మంచిపనేనా అంటావా అమ్మడూ? కథ పూర్తి కానీ, నువ్వే చెబుదువు గాని.

వేటకి వెళ్లేటప్పుడల్లా కోటక్క గడప దాకా వచ్చి, దాన్ని తీసుకెళ్లినట్టే తీసుకురమ్మనేది. బయ్యన్న సరేననేవాడు. రోజూ అనే మాట కదా, దాని బరువు అతనికి తెలిసేది కాదు. చుక్కికి మాత్రం ఒక సంగతి బాగా తెలుసు. గడ్డిలో ఏ నక్కో కదిలిందంటే అది బెదిరి పరిగెత్తేది కాదు. తల ఎత్తి మంచె వైపు చూసేది. చూడగానే బయ్యన్న దిగొచ్చేవాడు. దానికి అంతే తెలుసు. చూస్తే ఆయన దిగుతాడు.

వింటున్నారా? ఊ అనండి మరి.

ఆ దేశపు రాజుకి జింకల వేట మీద మనసు పుట్టింది. బయ్యన్న దీమం మంచిదని ఎవరో చెబితే గుర్రమెక్కి పల్లెకి వచ్చాడు. వెంట పాపన్న అని ఒక ముసలి బల్లెపు భటుడు. రాజు వేటాడుతుంటే పక్కవాడు విల్లు పట్టుకోకూడదని ఆచారం. అందుకని బయ్యన్న విల్లు ఇంటి దగ్గరే ఉండిపోయింది. మొలలో చిన్న కత్తి తప్ప అతని దగ్గర ఇంకేమీ లేదు. తెల్లవారీ తెల్లవారకముందే చుక్కిని కట్టేసి ముగ్గురూ మంచె ఎక్కారు.

పొద్దెక్కింది. జింక రాలేదు, దుప్పి రాలేదు. పక్షులన్నీ ఒక్కసారిగా నోరు మూసుకున్నాయి. ఎదుటి గడ్డి రెండుగా చీలింది. అందులోంచి పులి వచ్చింది.

పులి గడ్డిలో నిలబడి చుక్కిని చూసింది. చుక్కి తల ఎత్తి మంచె వైపు చూసింది.

బాణం వెయ్యమని బయ్యన్న రాజు చెవిలో బతిమాలాడు. రాజుకి భయం పుట్టింది. భయమని ఒప్పుకుంటాడా? పులి ఇప్పుడు కదులుతోంది, గురి తప్పుతుంది అన్నాడు. జింకని పట్టనీ, తల దించి తింటూ కూర్చుంటుంది కదా, అప్పుడు తీరిగ్గా కొడతాను, తోలు చినగకుండా దొరుకుతుంది అన్నాడు. నీకు ఇలాంటి జింకలు పది ఇప్పిస్తానని కూడా అన్నాడు.

కింద చుక్కి ఇంకా చూస్తూనే ఉంది. తాడు లేకపోతే అది గాలిలా పోయేది. తాడు కట్టింది ఎవరు? బయ్యన్నే. ఆ సంగతి అతనికి అప్పుడు తెలిసింది. ఎన్నిసార్లు కట్టాడో, ఒక్కసారీ తెలియలేదు.

రాజు రెక్క పట్టుకుంటున్నా విదిలించుకుని బయ్యన్న చెట్టు దిగాడు. పులి ముందు పరిగెత్తకూడదు, వెన్ను చూపకూడదు. పులి మీంచి చూపు తిప్పకుండా మెల్లిగా ఒక్కో అడుగూ వేస్తూ చుక్కి దగ్గరికి చేరాడు. తడుముకుంటూ తాడు కోశాడు. పో తల్లీ అన్నాడు. అది పోలేదు. అతని చంక కింద తల దూర్చి నిలబడింది.

పులి గుర్రుమంది. ఒక అడుగు ముందుకి వేసింది. బయ్యన్న కదలలేదు. చాలాసేపు అట్లాగే ఒకరినొకరు చూసుకున్నారు. తరవాత పులి మెల్లిగా తిరిగి గడ్డిలోకి పోయింది. ఎందుకు పోయిందంటారా? నాకు తెలియదు. కడుపు నిండి ఉందేమో. తెలియనిదానికి నేను అబద్ధం చెప్పను.

మంచె మీద రాజుకి ఒళ్లు మండింది. చేతికందిన పులిని పోగొట్టాడని బయ్యన్నని నానా మాటలూ అన్నాడు. పులి పోతే పోయింది, ఈ జింకనైనా పొడిచి పట్టుకురా అని పాపన్నకి చెప్పాడు. పాపన్న చెట్టు దిగాడు. బల్లెం ఎత్తలేదు. బల్లేన్ని గడ్డి మీద పడుకోబెట్టి, బయ్యన్న పక్కన నిలబడి, పైకి చూసి అన్నాడు:

“ప్రభూ, ఇవాళ తాడు దాని మెడకి పడింది. రేపు యుద్ధంలో నాకు పడితే మీరు దిగుతారా?”

పులి ఇంకా ఆ గడ్డిలోనే ఎక్కడో ఉంది. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు. కాసేపటికి మంచె కిర్రుమంది. ముందు ఒక కాలు కిందికి వచ్చింది. తరవాత రెండోది. రాజు వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

“దిగాను పాపన్నా,” అన్నాడు.

నలుగురూ కలిసి అడవి దాటారు. చుక్కి మెడలో తాడు లేదు, అయినా వెంటే వచ్చింది. ఇంటికొచ్చాక జరిగినదంతా చెబితే కోటక్క ఏడవలేదు, తిట్టలేదు. నలుగురికీ గంజి పోసింది. రాజు కూడా అరుగు మీద కూర్చుని తాగాడు.

బయ్యన్న మళ్లీ ఏ జింక మెడకీ తాడు వెయ్యలేదు. చుక్కి తన ఇష్టాన అడవికి పోయేది, తన ఇష్టాన వచ్చేది. అందరూ చల్లగా ఉన్నారు.

ఇప్పుడు వినండి. రేపు దూడని కట్టేసి ఆటలకి పోతారు కదా. పోండి. కానీ నీడ ఎటు తిరిగిందో చూసుకోండి, మధ్యలో వచ్చి మార్చి కట్టండి. అది వచ్చి మిమ్మల్ని పిలవలేదు. కట్టినవాళ్లకే గుర్తుండాలి.

కథ కంచి దారి పట్టింది, మీరు దుప్పటి దారి పట్టండి. దీపం తగ్గిస్తున్నాను.