ఎడమ వంక

ఆత్రేయపురంలో కనకరాజు అనే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు, తన వస్తువుకు ఎవరైనా వంక పెడితే చాలు, మూడు రోజులు అన్నం ముట్టనంత పౌరుషం ఆయనది. ఆ మూడు రోజులూ పెసరట్లు తినేవాడనుకోండి, అది వేరే సంగతి.

ఆయనకు ముప్పై ఐదేళ్ళ పాత తెల్ల కారు ఒకటి ఉండేది. దానికి ఐరావతం అని పేరు పెట్టుకున్నాడు. అది మూలిగిందంటే గోదావరి అవతలి ఒడ్డున గేదెలు బదులు పలికేవి. గతుకులో పడిందంటే లోపలివాళ్ళు ఎగిరి మళ్ళీ సీటు మీద కూర్చునేసరికి పక్క ఊరు వచ్చేసేది. వీటన్నిటికీ మించి, స్టీరింగ్ కాస్త వదిలితే చాలు, పచ్చగడ్డి కనబడ్డ ఆవులా ఎడమ వంకకు లాగేసేది. అందుకని కనకరాజు స్టీరింగును ఎప్పుడూ కుడికి తిప్పి, బిగబట్టి నడిపేవాడు. అలా నడిపీ నడిపీ ఆయన కుడి భుజం ఎడమ భుజం కన్నా జానెడు కిందికి దిగిపోయింది. దర్జీ ఆయన చొక్కాకు రెండు చేతులకూ రెండు కొలతలు తీసేవాడు.

"కారు ఎడమకు లాగుతున్నట్టుందండీ" అని ఎవరైనా అంటే, "కారు కాదయ్యా, రోడ్డే అటు వాలుంది" అనేవాడు. వెళ్ళేటప్పుడు ఎడమకు వాలిన రోడ్డు వచ్చేటప్పుడు కుడికి వాలాలి కదా అని అడిగే ధైర్యం ఊళ్ళో ఎవరికీ లేదు, ఆయన భార్య అచ్చాయమ్మకు తప్ప.

అచ్చాయమ్మ పూతరేకులు చేసేది. బోర్లించిన కుండ కింద మంట పెట్టి, బియ్యం రుబ్బిన పాలలో పలచటి గుడ్డ ముంచి, కుండ మీద అలా పరిచి ఇలా తీస్తే రేకు వచ్చేసేది. ఆ రేకులు ఎంత పలచన అంటే, నలభై దొంతర పెట్టి చూసినా అవతలి మనిషి మీసంలో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టవచ్చు. ఇన్నేళ్ళూ అవి ఎవరెవరి దుకాణాల పేర్లతోనో అమ్ముడుపోయాయి. ఆ ఏడు మొదటిసారిగా రావులపాలెంలో సుందరమ్మ గారు అచ్చాయమ్మ పేరు చెప్పి మరీ కబురు పెట్టింది. మనవరాలిని పెళ్ళికూతుర్ని చేసే రోజుకు రెండు వందల రేకులు కావాలంది. అవి బాగుంటే, నాలుగు రోజుల తరవాత పెళ్ళికి వెయ్యి. రేకులు రేకులుగానే తేవాలి, పందిట్లో అందరి ముందూ నెయ్యి రాసి, పంచదార చల్లి మడవాలి.

"ఏవండీ, ముందు ఆ కారు ఎవరికైనా చూపించండి" అంది అచ్చాయమ్మ. "అది పెట్టే కుదుపుకు ఇనప రేకులే నిలవవు, నా రేకులేం నిలుస్తాయి!"

పెళ్ళాం మాట తీసెయ్యలేక కనకరాజు లొల్ల లాకుల దగ్గర షెడ్డున్న జకరయ్య మేస్త్రీ దగ్గరికి వెళ్ళాడు. జకరయ్య కారు ముందు భాగాన్ని రెండు చేతులతో ఒక్కసారి కిందికి అదిమి వదిలాడు. తరవాత తీరిగ్గా బీడీ వెలిగించాడు. బీడీ అయిపోయింది గానీ కారు ఊగడం ఆగలేదు.

"రాజుగారండీ, షాకబ్జర్లు ఎప్పుడో చచ్చిపోయాయండి. చక్రాల దగ్గర రబ్బరు బుష్‌లు అరిగి పొడైపోయాయండి. వెనక బరువు మోసే కమాన్లు చతికిలబడ్డాయండి. ముందు ఈ వదులంతా బిగించి, ఆనక చక్రాల వంకర తీస్తానండి. రెండు రోజులు పడుతుందండి" అన్నాడు.

"నా ఐరావతానికి ఇన్ని వంకలు పెడతావా?"

"నేను పెట్టినవి కాదండీ, ఉన్నవేనండి. ఆయ్!"

"అదంతా నాకు చెప్పకు. స్టీరింగ్ కాస్త పక్కకు ఉంటోంది. అదొక్కటి తిన్నగా పెట్టు, చాలు."

"ఊగే పన్నుకు బంగారు తొడుగేస్తే చెరుకు నమలగలమాండీ?" అన్నాడు జకరయ్య.

కనకరాజు ముక్కుపుటాలు ఎగిరాయి. విసురుగా కారెక్కి, మెయిన్ రోడ్డు మీద ఇంకెవరో మెకానిక్ దగ్గరికి పోయాడు. అతను అడిగింది అడిగినట్టు చేసే మనిషి. స్టీరింగ్ చక్రాన్ని ఊడదీసి, తిన్నగా తిప్పి, మళ్ళీ బిగించి పెట్టాడు. అంతే! చక్రాల్లో వంకర చక్రాల్లోనే ఉంది, చేతికింద కనిపించడం మాత్రం మానేసింది. ముక్కు వంకరగా ఉందని అద్దాన్ని పక్కకు తిప్పి వేలాడదీసినట్టన్నమాట. కనకరాజు మాత్రం స్టీరింగ్ వంక చూసుకుని ఇంటిదాకా ఈల వేసుకుంటూ వచ్చాడు.

పెళ్ళికూతుర్ని చేసే రోజు రానే వచ్చింది. అచ్చాయమ్మ రెండు వందల రేకులనూ పెట్టెల్లో సర్ది వెనక సీటు మీద పెట్టి, తాను ముందు కూర్చుంది. కారు కాలవ గట్టు ఎక్కింది. సగం దూరంలో ఒక బాతుల మంద రోడ్డుకు అడ్డంగా వచ్చింది. మూడు వందలుంటాయి, పోనీ మూడు వేలనుకోండి. కనకరాజు బ్రేకు తొక్కాడు. కారు చటుక్కున ఎడమకు తిరిగి కాలవ వైపు దూకబోయి, గట్టు అంచున పోసిన కొబ్బరి పీచు కుప్పలో మూతి పెట్టి ఆగింది.

"అచ్చాయీ! నీకేం తగల్లేదు కదా?"

"నాకేం కాలేదు. వెనక చూడండి."

పెట్టెలన్నీ కింద పడి ఉన్నాయి. రేకులన్నీ పొడి పొడి.

"రోడ్డు వాలుగా..." అని మొదలుపెట్టాడు కనకరాజు.

"రోడ్డెందుకు, నెపం బాతుల మీద పెట్టండి. పాపం, వాటికి జవాబు చెప్పడం కూడా రాదు" అంది అచ్చాయమ్మ.

సుందరమ్మ గారు పెట్టె మూత తీసి చూసింది. "ఏమ్మా, పూతరేకులు తెమ్మంటే పూతపిండి తెచ్చావేం?" అంది. చిటికెడు నోట్లో వేసుకుంది. "రుచి బాగానే ఉంది. పెళ్ళికి ఒక్క అవకాశం ఇస్తాను. ఆ రోజూ ఇలాగే తెచ్చావంటే ఇంక నీ పేరు నా దగ్గర ఎత్తొద్దు."

అచ్చాయమ్మ తల దించుకుంది. నలభై ఏళ్ళ కాపురంలో ఆమె తల దించుకోగా కనకరాజు చూడటం అదే మొదలు. తప్పు ఆవిడది కాదని చెబుదామనుకున్నాడు. చెప్పలేక, పెట్టెల మూతలు పెట్టే పనిలో పడ్డాడు.

తిరుగుదారిలో అచ్చాయమ్మ అంది, "పెళ్ళి రోజున నేను బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచే వెళతాను."

"అంత దూరమే!"

"దూరమైతే ఏం? నా కాళ్ళు ఎడమకు లాగవు."

మర్నాడు పొద్దున్నే కనకరాజు లాకుల దగ్గర షెడ్డుకు వెళ్ళి నిలబడ్డాడు. నేల చూస్తూ, "జకరయ్యా, కారు ఎడమకు లాగుతోంది" అన్నాడు. ఆ మాట వినడానికి లాకుల్లో నీళ్ళు కూడా ఒక్క క్షణం ఆగాయి.

"రోడ్డు కాదాండీ?" అన్నాడు జకరయ్య.

"రోడ్డు కాదు."

"పోనీ బాతులేమోనండీ?" ఆ కబురు అప్పటికే లాకులు దాటేసింది.

"చంపకయ్యా! కారే. దాని కన్నా ముందు, నేను."

జకరయ్య నవ్వి పనిలోకి దిగాడు. షాకబ్జర్లు మార్చాడు. బుష్‌లు కొత్తవి వేశాడు. కమాన్లు విప్పి వంపు తెప్పించి, గ్రీజు పెట్టి బిగించాడు. నాలుగు టైర్లలోనూ గాలి సరిచూశాడు. రెండో రోజు సాయంత్రానికి అంతా అయింది.

"ఇప్పుడు మీరు ఎక్కి కూర్చోండి రాజుగారండీ" అన్నాడు.

"ఎందుకు? పనైపోయిందిగా?"

"వంకర తీసేది ఇప్పుడేనండి. మీరెక్కితే బండి కుడి పక్క బెత్తెడు దిగుతుందండి. ఖాళీ బండికి కొలత తీసి దిద్దితే, మీరెక్కగానే మళ్ళీ మొదటికొస్తుందండి."

షెడ్డులో ఉన్నవాళ్ళంతా కనకరాజు పొట్ట వంక చూశారు. ఇంకో రోజైతే ఆయన పెసరట్ల మీదికి వెళ్ళిపోయేవాడే. ఆ రోజు మాత్రం ఎక్కి కూర్చున్నాడు. అచ్చాయమ్మ బరువుకూ, పెట్టెల బరువుకూ బియ్యం బస్తాలు వేయించాడు జకరయ్య. వెనక చక్రం నుంచి ముందు చక్రం దాకా దారం లాగి కట్టాడు. పెద్ద ఊళ్ళలో యంత్రంతో చేసి అలైన్‌మెంట్ అంటారే, ఆ పనినే దారంతో మొదలుపెట్టాడు. చక్రం దారానికి ఎక్కడ తగులుతోందో, ఎక్కడ ఎడంగా ఉందో చూస్తూ, కింద ఉన్న కడ్డీని పావు చుట్టు తిప్పుతాడు, మళ్ళీ కొలుస్తాడు. "కదలకండి!" అంటాడు. గంటసేపు కనకరాజు ముక్కు మీద ఈగ కాపురం పెట్టి, పిల్లల్ని కని, మనవలను ఎత్తుకుంది. ఆయన కదల్లేదు. చివరికి జకరయ్య స్టీరింగును కూడా దాని అసలు చోటుకు తెచ్చి బిగించాడు.

పెళ్ళి రోజు పొద్దున్న అచ్చాయమ్మ బుట్ట తీసింది. "ఒక్కసారి ఎక్కి చూడు. గట్టు దాటేలోపు నీకు నచ్చకపోతే బుట్ట నేను మోస్తాను" అన్నాడు కనకరాజు. ఆమె ఆలోచించి, పెట్టెలు ఎక్కించింది.

కారు గతుకులను మజ్జిగ తాగినట్టు మింగేసింది. మలుపుల్లో పడవలా తిరిగింది. ఎదురుగా లారీ వస్తే కనకరాజు బ్రేకు తొక్కాడు, కారు ఉన్న గీత మీదే ఆగింది. అచ్చాయమ్మ వెనక్కి తిరిగి చూసింది, పెట్టెలు పెట్టినచోటే ఉన్నాయి.

వెయ్యి రేకుల్లో విరిగినవి మూడు. సుందరమ్మ గారు ఒక రేకును ఎండకు ఎత్తి చూసి, "ఇదీ రేకంటే! మరి మొన్న ఏమైందమ్మా నీకు?" అంది.

అచ్చాయమ్మ నోరు తెరిచేలోపే కనకరాజు ముందుకొచ్చాడు. "ఆవిడ చేతిలో వంక లేదండీ. వంక నా కారుది. మేస్త్రీ చెప్పినా వినని బుద్ధి నాది."

సుందరమ్మ గారు అచ్చాయమ్మ వైపు తిరిగి, "రా అమ్మా, మడవడం నువ్వే మొదలుపెట్టు" అని పందిరి మధ్యకు చేయి పట్టుకుని తీసుకెళ్ళింది. ఆ పూట పందిట్లో అందరి నోటా అచ్చాయమ్మ పేరే.

వంక చూపించినవాడి మీద అలిగితే వంక పోదు, ఒప్పుకుని దిద్దుకుంటేనే పోతుంది, అందాకా దాని దెబ్బ మన పక్కన కూర్చున్నవాళ్ళకే తగులుతుంది.