ఎర్ర బటన్ ఉన్న చోటు

చేతకానివాళ్లంటూ జనాన్ని చూసి నవ్వేవాడా, ఈ మాట నీకే చెబుతున్నాను. దారి మూసింది నువ్వు. మూసేసి, పైగా వాళ్లకు కళ్లు లేవంటున్నావు. జిలానీ కూడా నీలాగే అన్నాడు.

అతను ఒక ఆసుపత్రికి యాప్ తయారుచేశాడు. అంబులెన్స్ కావాలంటే అందులోనే పిలవాలి. మొదట్లో తెర అడుగున పెద్ద ఎర్ర బటన్ ఉండేది. చదువురాని తన తల్లికి కూడా చూపించి, ప్రాణం మీదికొస్తే అది నొక్కమని నేర్పాడు. తర్వాత అది మొరటుగా ఉందని తీసేశాడు. ఆ చోట నవ్వుతున్న డాక్టరమ్మ బొమ్మ పెట్టాడు. బటన్‌ను పైమూలన మూడు సన్నగీతల వెనక దాచాడు. మారిన తెర అందరి ఫోన్లలోకీ దానంతటదే చేరిపోయింది.

రంజాన్ నెలలో ఒక సాయంత్రం దర్గాకు వెళ్లి, గురువు నూరుల్లా సాహెబ్ దగ్గర వాపోయాడు.

"హజ్రత్, ఎంత అందంగా చేసినా జనం తప్పే నొక్కుతున్నారు. అంబులెన్స్ ఎక్కడుందో దొరకలేదని తిడుతున్నారు. వీళ్లకు బుద్ధి ఎలా వస్తుంది?"

"రేపు ఉపవాసం ఇక్కడ విడువు" అన్నాడు సాహెబ్.

మర్నాడు సాయంత్రం మసీదు నుంచి అజాన్ వినిపించే వేళకు జిలానీ వచ్చాడు. ఎప్పుడూ గుమ్మం పక్కన ఉండే నీళ్ల కూజా లేదు. అక్కడ గులాబీ కుండీ ఉంది.

"నీళ్లేవి హజ్రత్?"

"ఉన్నాయి. చూసుకో."

మంచం కింద చూశాడు. అటక మీద చూశాడు. చివరికి పరదా వెనక గూట్లో దొరికింది కూజా.

"ఏం పని ఇది? నాలుక పిడచకట్టుకుపోయింది."

"కూజా మొరటుగా ఉంది బేటా. పూలు బాగున్నాయి కదా."

జిలానీ నీళ్లు తాగి నవ్వేశాడు. "అర్థమైందిలెండి. పండగ కానివ్వండి, మారుస్తాను."

"దాహం పండగ దాకా ఆగుతుందా?"

అయినా అతను మార్చలేదు. బద్ధకం వల్ల కాదు. ఆ తెరను తోటివాళ్లు మెచ్చుకుంటున్నారు. ఆ మెప్పును ఇంకొన్నాళ్లు వదులుకోలేకపోయాడు.

పండగ ముందురోజు అతను దర్గాలో ఉండగా, ఇంట్లో రొట్టెలకు పిండి కలుపుతున్న తల్లికి గుండెనొప్పి వచ్చింది. అతను ఇల్లు చేరేసరికి ఆమె పొయ్యి పక్కన పడి ఉంది. చేతిలో ఫోను. ఊపిరి లేదు.

తల్లికి మట్టి ఇచ్చి వచ్చాక ఆ ఫోను తెచ్చి గురువు ముందు పెట్టాడు. అద్దం మీద గోధుమపిండి ఎండిపోయి ఉంది. అంతా ఒకే చోట. డాక్టరమ్మ నవ్వు మీద, వేలిముద్ర మీద వేలిముద్ర.

"అమ్మీ తప్పు నొక్కలేదు హజ్రత్."

సాహెబ్ గుమ్మం పక్కనున్న కూజాలోంచి నీళ్లు వంచి ఇచ్చాడు. జిలానీ వాటిని తాగకుండా పక్కన పెట్టాడు.

బటన్ మళ్లీ కిందికి వచ్చింది. ఇప్పుడు ఎవరైనా నొక్కగలరు. ఆ ఫోను మీది పిండి తుడవడానికి మాత్రం జిలానీకి నేటికీ చేతులు రాలేదు.